మా వంటింట్లో తడి నిలవని చోటు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా లేదు. ఇరవై ఏళ్ళకు పైగా సర్కారు బడిలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. నీళ్ళు ఎందుకు ఆవిరవుతాయో, సుద్దముక్క నీటిని ఎందుకు పీలుస్తుందో, గాజుపలక ఎందుకు పీల్చదో ఏటా కొత్త పిల్లలకు చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషిని. ఊళ్ళో ఎవరికో పూనకం వచ్చిందని తెలిస్తే పిల్లలు నా వైపు చూసి ముసిముసిగా నవ్వేవాళ్ళు, టీచర్ ఇక తిట్లు మొదలుపెడుతుందని.

అసలు మా వాడలో పుట్టినవాళ్ళకు దయ్యాలకు భయపడే తీరిక ఎక్కడిది? మేము భయపడాల్సిన వాళ్ళందరూ పట్టపగలే తిరిగేవాళ్ళు, పాదాలు ముందుకే ఉన్నవాళ్ళు.

కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను. నాకు అర్థం కానిది నాకు అర్థం కాలేదని ఒప్పుకోవడానికి కూడా చాలా కాలం పట్టింది.

తెలంగాణ వచ్చిన మూడో ఏడు మా ఊళ్ళో దొర ఇల్లు అమ్మకానికి వచ్చింది. మాది రామన్నపేటకు దగ్గరలో ఒక పల్లె. దొర అంటే పెద్ద గడీ ఉన్న దొర కాదు, ఊరి పటేలు. మా వాడ నుంచి చూస్తే మాత్రం దొరే. ఇల్లు పాతకాలపు భవంతి. మధ్యలో ఆకాశం కనబడే వాకిలి, చుట్టూ టేకు స్తంభాలు, మూరెడు మందం సున్నపు గోడలు. దొర పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు హైదరాబాదులో స్థిరపడి, ఇల్లు తాళం వేసి వదిలేశారు. ఆ ఇల్లు నేను కొన్నాను.

మా ఆయన బస్సు డిపోలో పనిచేస్తాడు. నేను ఈ మాట ఎత్తగానే తల పట్టుకున్నాడు. "గా పాత కొంపల ఏమున్నదని? నల్లగొండల పిల్లర్లేసి మంచిగ కొత్తిల్లు కట్టుకుందాం" అన్నాడు. అతను చెప్పింది తెలివైన మాటే. నేను వినలేదు.

నిజం చెప్పాలంటే నాకు కావలసింది ఆ ఇంట్లో ఒక్క వంటిల్లే. మా అమ్మ సాయమ్మ ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళు పనిచేసింది. పేడ ఎత్తింది, వడ్లు దంచింది, పెరట్లో బోళ్ళు తోమింది. తోమిన బోళ్ళు పెరటి అరుగు మీద బోర్లిస్తే, ఇంటివాళ్ళు వాటి మీద నీళ్ళు చల్లి లోపలికి తీసుకుపోయేవాళ్ళు. వంటింటి గడప అమ్మ దాటకూడదు.

ఆ వంటింటి నేల పరిచింది మళ్ళీ మావాళ్ళే. అమ్మకు పెళ్ళయిన కొత్తలో దొర షాబాదు బండలు తెప్పించాడు. లారీ వాగు దాటలేక అవతలే ఆగిపోతే, అక్కడి నుంచి ఆ బండలను నెత్తిన పెట్టుకుని మోసింది మా బాపు, అమ్మ, మా వాడ వాళ్ళు. పదకొండు రోజులు ఆ వంటింట్లోనే ఉండి మొరం కొట్టి, చదును చేసి, సున్నం కలిపి పరిచారు. పన్నెండో రోజు పొద్దున ఇంటివాళ్ళు పేడనీళ్ళు చల్లి నేలను శుద్ధి చేసుకున్నారు. అప్పటి నుంచి మావాళ్ళు తాము పరిచిన బండ మీదే కాలు పెట్టకూడదు. పని నడిచినన్ని రోజులు లేని అంటు, పని ముగిశాక వచ్చింది. మా దగ్గర అది అందరికీ తెలిసిన పద్ధతే, ఎవరూ వింతగా చెప్పుకోరు.

ఆ వంటింట్లో అమ్మను కుర్చీ వేసి కూర్చోబెట్టి, నా చేత్తో అన్నం పెట్టాలి. నాకున్న కోరిక అంతే. అప్పటికి ఆమెకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఆమె పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడు నీళ్ళకు మోకాళ్ళు బిగుసుకుపోయాయి. ఎన్నాళ్ళు ఉంటుందో తెలియదు. అందుకే తొందరపడ్డాను.

గోడలు, కలప గట్టిగానే ఉన్నాయి. తేలాల్సింది వంటింటి నేల ఒక్కటే. దాని మీద మా ఇంట్లో జరిగిన పంచాయితీ అంతా ఇంతా కాదు.

మా ఆయన నన్ను నల్లగొండలో టైల్స్ దుకాణానికి తీసుకుపోయాడు. ఆ దుకాణంలో ఏదీ తనలాగా ఉండదు. చెక్కలా కనబడే టైలు ఉంది, పాలరాయిలా కనబడే టైలు ఉంది. చివరికి సేల్స్ కుర్రాడు గర్వంగా ఒకటి తీసి చూపించాడు, పాత షాబాదు బండలా కనబడే టైలు. ఇప్పుడు అందరూ ఇదే అడుగుతున్నారట. నాకు నవ్వు, కోపం రెండూ వచ్చాయి. ఏమీ కొనకుండా బయటికి వచ్చేశాం.

మా బడిలో హైదరాబాదు నుంచి వచ్చిపోయే ఒక టీచరమ్మ ఉండేది. పాత ఇళ్ళంటే ఆమెకు ప్రాణం. ఫోన్‌లో ఫొటోలు చూసి, ఆ బండలు తీయించొద్దని, వాటిలో ఎంతో చరిత్ర ఉందని మొత్తుకుంది. ఆ చరిత్ర ఏమిటో నాకు తెలుసు కాబట్టే తీయిస్తున్నానని చెప్పాను. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. పాపం, ఆమె తప్పేమీ లేదు.

మేస్త్రి యాదగిరిది ఇంకో మాట. "మేడం, బండలు ఇనుము లెక్కున్నయి. పలగ్గొట్టుడెందుకు? తిరగేసి పరుద్దాం. కింది మొఖం కొత్తగనే ఉంటది" అన్నాడు. మా వైపు చాలామంది చేసేది అదే. నేను దాదాపు ఒప్పుకున్నాను కూడా. బాపు మోసిన బండలు కదా అనిపించింది. ఆయన పోయి అప్పటికే తొమ్మిదేళ్ళు. కానీ పై మొఖమైనా, కింది మొఖమైనా అదే బండ. దాన్ని చూస్తూ నేను వండుకోలేను. నల్ల గ్రానైటు వేయమన్నాను. నున్నగా, అద్దంలా, ఎవరి పాత గుర్తూ లేకుండా ఉంటుందని.

అమ్మ మా వాడలో మా పాత ఇంట్లోనే ఉండేది. ఈ సంగతి చెబితే ఎప్పుడూ దేనికీ అడ్డు చెప్పని మనిషి అడ్డు చెప్పింది. "బండల జోలికి పోకు బిడ్డా. ఉన్నకాడ ఉండనియ్యి" అంది. ఎందుకంటే చెప్పలేదు. దొర ఇంటి మీద ఇంకా ఉన్న భక్తి అనుకున్నాను. ఒళ్ళు మండింది.

మొదట గమనించింది నేనే. బండలు తీయించడానికి ముందు, వేసవి సెలవులు మొదలైన వారంలో, వంటింటిని కడిగించాను. ఎన్నో ఏళ్ళ దుమ్ము. నేలంతా తడిగా ఉండగానే, పాత పొయ్యిగడ్డకు, పెరటి తలుపుకు మధ్య ఒక చోట ఆరిపోయింది. మిగతా నేల ఆరడానికి ఇంకో అరగంట పట్టింది. పాత బండ, లోపల పగులు ఉంటుంది, పీలుస్తుంది అనుకున్నాను. అలా అనుకోవడం తప్పు కాదు, ఎనిమిదో తరగతి పిల్లవాడైనా అలాగే అంటాడు.

బండలు తీశారు. ఏ బండకూ పగుళ్ళు లేవు. కింద మొరం పొడిపొడిగా ఉంది. దాని మీద కాంక్రీటు వేసి, యాదగిరి చుట్టూ సిమెంటు కట్టలు కట్టి నీళ్ళు నింపాడు, కాంక్రీటు గట్టిపడాలంటే కొన్ని రోజులు అలా నీళ్ళు నిలపాలి. మర్నాడు పొద్దున నీళ్ళు నింపి వెళ్ళి, మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి చూస్తే, ఆ చోట కాంక్రీటు తెల్లగా ఎండిపోయి ఉంది. చుట్టూ రెండు వేళ్ళ లోతు నీళ్ళు అలాగే ఉన్నాయి.

ఇది నేను మళ్ళీ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే నా చదువు ఆగిపోయింది. నీళ్ళు పల్లానికి పారతాయి. ఒక చోట నేల పీల్చేస్తుంటే పక్క నీళ్ళు అక్కడికి రావాలి. రాలేదు. అంచు కనబడేలా నిలబడి ఉన్నాయి. నేను స్పిరిట్ లెవెలు, మేస్త్రీలు వాడే మట్టం గొట్టం తెప్పించి చూశాను. నేల సమానంగానే ఉంది.

"నేల నీళ్ళు తాగుతాంది మేడం. కింద ఎలుక బొక్క ఉంటది" అన్నాడు యాదగిరి. అక్కడ రెండు చోట్ల పగలగొట్టించాను. కింద మొరం గుప్పిట పట్టి పిండితే దుమ్ము రాలింది. చెమ్మ కూడా లేదు. తాగిన నీళ్ళు ఎక్కడికి పోయినట్టు?

మూడు రోజులు అలాగే జరిగింది. ప్రతి రోజూ పదకొండు దాటాక మొదలయ్యేది, ఒంటిగంట లోపల అయిపోయేది. పొద్దున, సాయంత్రం ఏమీ లేదు. మూడో రోజు దగ్గరే కూర్చుని, ఆరుతున్న అంచు వెంట సుద్దముక్కతో గీత గీసుకుంటూ పోయాను. పొడవు నాలుగున్నర అడుగులు. ఒక కొస సన్నం, మధ్యలో వంపు. గీత పూర్తయ్యాక లేచి నిలబడి చూశాను. మనిషి ఒక పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు. కాలితో ఆ గీత చెరిపేశాను.

యాదగిరి మాత్రం చూశాడనుకుంటాను. గ్రానైటు పరచడం ముగించిన రోజే, చిన్న చిన్న పనులు మిగిలి ఉండగానే, తనకు మిర్యాలగూడలో అర్జెంటు పని పడిందన్నాడు. మళ్ళీ రాలేదు.

గ్రానైటు నీళ్ళు పీల్చదు. ఆ మాట నేను వందసార్లు పిల్లలకు చెప్పి ఉంటాను. తడిగుడ్డతో తుడిస్తే నల్లటి నేలంతా మెరిసేది. ఆ నాలుగున్నర అడుగుల చోటు మాత్రం మధ్యాహ్నం పూట గుడ్డ తీయగానే మసకగా ఆరిపోయేది.

అప్పుడు నేల సంగతి పక్కన పెట్టి ఇంకో పరీక్ష చేశాను. ఒకే జత స్టీలు పళ్ళాలు రెండు తీసుకుని, రెండిట్లో ఒక్కో గ్లాసు నీళ్ళు పోశాను. ఒకటి ఆ చోట, ఇంకోటి మూడడుగుల అవతల పెట్టాను. పిల్లులు ముట్టకుండా రెండిటి మీద వల మూతలు బోర్లించాను. ఫ్యాను ఆపేశాను. తలుపు దగ్గర పీట వేసుకుని నేనే కాపలా కూర్చున్నాను. ఒంటిగంటకు అవతలి పళ్ళెంలో గోరంత తగ్గింది. ఈ చోట పెట్టిన పళ్ళెం అడుగు పొడిగా ఉంది. బడి నుంచి థర్మామీటరు తెచ్చి రెండు చోట్లా చూశాను. తేడా లేదు. పళ్ళాలు తారుమారు చేసి మర్నాడు మళ్ళీ పెట్టాను. అదే.

మా ఆయనకు చూపించాను. చాలాసేపు ఆ పళ్ళెం చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "గీ ముచ్చట బయట చెప్పకు, నవ్వుతరు" అని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతను వంటింట్లో నీళ్ళు తాగడం మానేసి, వాకిట్లో తాగేవాడు.

నేను భయపడ్డానా అంటే, లేదు. నాకు కోపం వచ్చింది. ఇంత కష్టపడి కొన్న ఇంట్లో, నేను ఏరికోరి వేయించిన నేల కూడా నా మాట వినదా అనిపించింది.

గృహప్రవేశం అని పెద్దగా ఏమీ చేయలేదు. ఒక ఆదివారం అమ్మ కోసం మటన్, జొన్నరొట్టెలు, అన్నం వండి, వంటింటి మధ్యలో కుర్చీ, ముందు చిన్న బల్ల వేసి, ఆమెను తీసుకురమ్మని మా ఆయన్ను పంపాను. ఆటో ఇంటి ముందు ఆగింది. అమ్మ ముందు తలుపులోంచి రాలేదు. కర్ర పొడుచుకుంటూ ఇల్లంతా చుట్టి పెరట్లోంచి వచ్చింది. వచ్చి వంటింటి గడప బయట, పెరటి అరుగు మీద కూర్చుంది.

"లోపలికి రాయే" అన్నాను.

"గీడ మంచిగున్నది బిడ్డా, గాలొస్తాంది" అంది.

బతిమాలాను. చేయి పట్టి లాగాను. ఆమె అరుగు రాయిని పట్టుకుని కదల్లేదు. మూడు నెలల అలసట, ఆ పళ్ళాలు, ఆ సుద్దగీత అన్నీ ఒక్కసారి నెత్తికెక్కాయి. "ఇల్లు నాదే. ఇంకా ఎవరి బాంచవే నువ్వు?" అని అరిచాను. చేతిలో ఉన్న నీళ్ళ చెంబును నేలకేసి కొట్టాను. కన్నతల్లిని ఆ మాట అన్నందుకు ఇప్పుడు తలుచుకున్నా సిగ్గుతో చచ్చిపోతాను.

నీళ్ళు గ్రానైటు మీద గడప దాకా పరుచుకున్నాయి. టైము పన్నెండు దాటింది. నేను అమ్మ మొహం చూస్తున్నాను. అమ్మ నన్ను చూడటం లేదు, నేలను చూస్తోంది. తిరిగి చూసేసరికి ఆ చోట ఆరిపోతోంది.

"ఇంకా గాడ్నే ఉన్నదా" అంది అమ్మ.

ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. పక్కింటామె ఇంకా బజారు నుంచి రాలేదా అన్నట్టు, మామూలుగా అంది. నేను వెళ్ళి ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను.

తర్వాత ఆమె చెప్పింది ఇది. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదట, బాపుకు కూడా.

దొర భార్య చిన్న వయసులోనే చనిపోయిందని నాకు తెలుసు. గుండె ఆగిందని ఊరంతా అనుకున్నారు. అప్పుడు నేను చంటిపిల్లను, అమ్మ చంకలో ఉన్నాను. ఎండాకాలం, మధ్యాహ్నం. మగవాళ్ళంతా రామన్నపేట పోయారు. ఇంట్లో దొరసాని ఒక్కతే. అమ్మ పెరట్లో బోళ్ళు తోముతుంటే వంటింట్లో పెద్ద చప్పుడైంది. గడప దగ్గరికి వచ్చి చూస్తే, అన్నం వార్చే గిన్నె బోర్లా పడి ఉంది, దొరసాని పొయ్యి ముందు నేల మీద ఒక పక్కకు పడి ఉంది. కాలూ చేయీ ఆడటం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అమ్మను చూసింది. "సాయమ్మా, నీళ్ళు" అంది.

నీళ్ళ బిందెలు లోపలే ఉన్నాయి, దొరసానికి నాలుగడుగుల దూరంలో. అమ్మ లోపలికి పోవాలి, ఆ బిందె ముట్టుకోవాలి. అంతకు ముందు ఏడాదే దూడ ఒకటి వంటింట్లో చొరబడితే, దాన్ని తోలడానికి అమ్మ తెలియక రెండడుగులు లోపలికి వేసింది. దొరసాని కట్టె తీసుకుని కొట్టింది. ఆ సాయంత్రం దొర మా బాపును పిలిపించి, మర్నాడంతా ఎండలో నిలబెట్టాడు. బాపు కళ్ళు తిరిగి పడిపోతే ఇంటికి మోసుకొచ్చారు.

"నీళ్ళు అన్నది గని, లోపలికి రా అనలే" అంది అమ్మ.

అమ్మ గడప మీద నిలబడి ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసింది. దొరసాని ఆమెనే చూస్తూ ఇంకో రెండు మూడుసార్లు నీళ్ళు అంది. రమ్మని అనలేదు. మరచిపోయిందో, అనలేకపోయిందో, ఆ పరిస్థితిలో కూడా అనదలుచుకోలేదో అమ్మకు తెలియదు. కాసేపటికి అమ్మ నన్ను చంకనేసుకుని మోట బావి దగ్గరి మనుషుల కోసం పరుగెత్తింది. వాళ్ళు వచ్చేసరికి అంతా అయిపోయింది. పరుగెత్తడానికి ముందు ఎంతసేపు నిలబడ్డావని అడిగాను. అమ్మ పక్కనున్న కర్రను ఒళ్ళోకి తీసుకుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో వంటకు పెట్టుకున్న ఆమె అనేదట, ఎంత కడిగినా, ఎంత తుడిచినా పొయ్యి ముందు తడి నిలవడం లేదని. అమ్మ వింటూ బోళ్ళు తోముకునేది. ఇరవై ఏళ్ళకు పైగా అలా వింది.

"నేను పోతె బతుకుతుండెనేమో" అంది చివరికి. మళ్ళీ తనే, "బతికినంక నన్ను కొడుతుండెనేమో" అంది. ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు. మటన్ చల్లారిపోయింది. ఆ రోజు ఇద్దరం ఏమీ తినలేదు.

అమ్మ ఆ రాత్రి మా ఇంట్లోనే ముందు గదిలో పడుకుంది. మర్నాడు బడికి సెలవు పెట్టాను, మధ్యాహ్నం వాకిట్లో కూరగాయలు తరుగుతుంటే వంటింట్లో నల్లా చప్పుడైంది. లేచి వెళ్ళి చూస్తే అమ్మ లోపల ఉంది. చెంబు నింపుకుని నిలబడి ఉంది. నలభై ఏళ్ళ తర్వాత ఆ నేల మీద ఆమె పాదాలు.

ఒక్క అడుగు వేయగానే ఆమె కాలు జారింది. పరుగెత్తి పట్టుకోబోయాను. చేయి విదిలించుకుంది. "నా మోకాళ్ళకు గీ నున్నటి బండేందే" అని విసుక్కుంది. గోడ పట్టుకుని మెల్లగా పోయి, ఆ చోటు దగ్గర ఆగింది.

అక్కడ నిలబడి చెంబు వంచి నీళ్ళు పోసింది. ఛాతీ ఎత్తు నుంచి, సన్నగా ధార కట్టి పోసింది. మావాళ్ళకు ఆ ఇంట్లో నీళ్ళు అలాగే పోసేవాళ్ళు. వాళ్ళు అరుగు మీద నిలబడి చెంబు ఎత్తి పట్టుకుంటే, కింద దోసిలి పట్టి తాగాలి, చెంబు తగలకూడదు. అమ్మ కావాలనే అలా పోసిందా, వంగలేక అలా పోసిందా? అడిగాను. "మోకాళ్ళు వంగుతయా బిడ్డా నాకు?" అంది. నా మొహం వైపు చూడకుండా అంది.

నీళ్ళు నేల మీద పడి, చిట్లి, పక్కలకు పారాయి. ఒంటిగంట దాకా ఇద్దరం చూశాం. ఆరలేదు. చివరికి నేనే గుడ్డ తెచ్చి తుడిచాను.

"ఆమె ఇప్పుడన్న రమ్మన్నదా?" అని అడిగాను. అలా అడిగినందుకు నా మీద నాకే ఆశ్చర్యం వేసింది, ఒక భౌతికశాస్త్రం టీచరు అడిగే మాటా అది?

"ఎవలు రమ్మంటరు? నేనే పోయిన" అంది అమ్మ.

ఆ తర్వాత ఆ చోట తడి మామూలుగానే నిలిచింది. ఇప్పటికీ అంతే. ఏటా ఎండాకాలంలో ఒకసారి ఆ రెండు పళ్ళాలూ తీసి, నీళ్ళు పోసి పెడతాను. రెండిట్లోనూ గోరంతే తగ్గుతుంది. గాలి అన్నవాళ్ళున్నారు, కాంక్రీటులో ఏదో రసాయనం అన్నవాళ్ళున్నారు, అమ్మ కథ విన్నాక నువ్వే అలా ఊహించుకున్నావన్నవాళ్ళూ ఉన్నారు. పళ్ళాలు పెట్టింది కథ వినక ముందు అని చెబితే ఊరుకుంటారు. వాళ్ళ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

జవాబు లేకపోవడం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. ఆ ఇల్లు కొన్నది నేను. నేల మార్చింది నేను. రమ్మని కాళ్ళావేళ్ళా పడింది నేను. నా కోసం గడప దాటని అమ్మ, కట్టె తీసుకుని కొట్టిన మనిషి కోసం దాటింది. చచ్చాక కూడా ఆమె మా అమ్మ చేత పని చేయించుకుంది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు, నాకు కుళ్ళుగా ఉంది.

అమ్మ ఆ తర్వాత పదహారు నెలలు, పోయేదాకా, మా దగ్గరే ఉంది. వంటింట్లో మళ్ళీ కాలు పెట్టలేదు. భయం కాదు, బాంచతనం కాదు. జారుతుందని. అంత పంచాయితీలో చెక్కలాంటి టైలు చూశాను, పాలరాయిలాంటి టైలు చూశాను, దాని మీద నడవాల్సిన మోకాళ్ళను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. గరుకు చాపలు పరిచాను, గోడకు పట్టుకునే కమ్మీ వేయించాను. ఆమె చూసి తల ఊపేది, పెరటి అరుగు మీదే కూర్చునేది. అక్కడి బండ గరుకుగా ఉంటుంది, పాదం నిలుస్తుంది.

బడి లేని రోజుల్లో మధ్యాహ్నం నేను లోపల వడ్డించి, గడప మీదుగా పళ్ళెం అందించేదాన్ని. మొదట్లో నాకు ఏమీ తట్టలేదు. ఒక రోజు పళ్ళెం చాపిన నా చేయి చూసుకున్నాను. గడపకు లోపల నేను ఉన్నాను, బయట మా అమ్మ ఉంది. ఆమె కింద నుంచి రెండు చేతులూ చాపి అందుకుంటోంది. పళ్ళెంలోని పులుసు గడప మీద ఒలికింది.

అమ్మకు ఏమీ తెలియలేదు. లేదా తెలిసినా పట్టించుకోలేదు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, "జర కూర ఎయ్యి బిడ్డా" అంది.

కూర తేవడానికి నేను మళ్ళీ లోపలికి వెళ్ళాను.